ఒకటికి వంద

"సాయంత్రం ఆరింటికల్లా వచ్చెయ్ కుమారీ. ఫోటో దిగాలి. రెండు చెవులూ కనబడాలట, జుట్టు కాస్త వెనక్కి దువ్వుకో."

మా ఆయన ఈ మాట అన్నప్పుడు నేను మూడు టిఫిన్ డబ్బాల ముందు నిలబడి ఉన్నాను. కారం తక్కువ, కూర ఎక్కువ ఉన్నది ఆయనది. పరాఠాలున్నది మా అమ్మాయి అనూహ్యది. పన్నెండో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి కనుక ట్యూషన్ నుంచి నేరుగా లైబ్రరీకి పోతుంది. మూడోది నాది. అందులో ఏముంటుందో మిగతా రెండూ నిండేదాకా నాకే తెలియదు.

"ఫోటో ఎందుకండీ?" అన్నాను.

"అదేంటి, చెప్పలేదూ? హనోయి పోస్టింగ్ వచ్చింది. జూన్‌లో చేరాలి."

చెప్పలేదు. ఆఫీసులో అందరికీ చెప్పాడు. తెనాలికి ఫోన్ చేసి వాళ్లమ్మకి చెప్పాడు. కింది క్వార్టర్లో ఉండే కనకయ్య గారికి చెప్పాడు. ఇంతమందికి చెప్పాక నాకూ చెప్పేసినట్టే అనుకున్నాడు. అబద్ధమాడాడని అనను. నిజంగానే చెప్పాననుకున్నాడు.

"ఫారం నింపేశాను. ఫ్రిజ్ మీద ఉంది చూడు. నువ్వు సంతకం పెడితే చాలు, ఎల్లుండి శుక్రవారం ఇచ్చెయ్యాలి," అంటూ బూట్లు తొడుక్కున్నాడు.

చేతులు తుడుచుకుని చూశాను. వెంట వచ్చే కుటుంబ సభ్యుల పట్టికలో కృష్ణకుమారి అని నా పేరు ఉంది, పుట్టిన తేదీ ఉంది. వృత్తి అన్న గడిలో 'హౌస్‌వైఫ్' అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. మా ఆయన దస్తూరి చాలా బాగుంటుంది.

"నేను ఉద్యోగం చేస్తున్నాను కదండీ."

"ట్రైనీవేగా. అది రాస్తే దానికి మళ్లీ వంద ప్రశ్నలేస్తారు. ఎందుకొచ్చిన గోల?" అని డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

ఆర్.కె. పురం నుంచి నోయిడాకి మా చార్టర్డ్ బస్సులో గంటా పావు. నెలవారీ సీట్లు, ఎవరి చోటు వాళ్లది. చలికాలమంతా ఆడవాళ్లు సీట్లలో కూర్చుని బఠాణీలు ఒలుస్తారు. మగవాళ్లు నిద్రపోతారు, లేదా పేపరు చదువుతారు. నేనూ సంచిలో అరకిలో కాయలు వేసుకొచ్చాను. ఫిబ్రవరి ఎండ కిటికీలోంచి ఒళ్లో పడుతోంది. ఒలుస్తూ ఆలోచిస్తున్నాను. హనోయి ఎక్కడుంది? అక్కడ చలి ఉంటుందా? ఏం బట్టలు సర్దాలి? ఇంతదాకా వచ్చాక నామీద నాకే కోపం వచ్చింది. వెళ్తానో లేదో తేల్చుకోకుండానే చేతులు సూట్‌కేసు సర్దడం మొదలెట్టేశాయి. అలవాటు అలాంటిది.

మా ఆయన వీరరాఘవులు విదేశాంగ శాఖలో పనిచేస్తాడు. మూడేళ్లు ఒక దేశం, ఇంకో మూడేళ్లు మరో దేశం, ఆ తర్వాత కొన్నాళ్లు ఢిల్లీ. తొంభై ఆరులో లుసాకా వెళ్లాం. అక్కణ్ణుంచి తాష్కెంట్. అక్కణ్ణుంచి మస్కట్. తొమ్మిదేళ్లు. తిరిగి వచ్చి మూడేళ్లు కావస్తోంది.

లుసాకా వెళ్లకముందు నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. అప్పట్లో ఆడవాళ్లనీ మన్ అనే అనేవాళ్లు. కాకినాడలో పాలిటెక్నిక్ చదివి, పెళ్లై ఢిల్లీ వచ్చి, సాకేత్‌లో ఖన్నా గారనే ముసలి ఆర్కిటెక్ట్ దగ్గర చేరాను. ఇళ్ల నక్షాలు గీసే పని. ట్రేసింగ్ కాగితం మీద నల్ల సిరాతో గీయాలి. గీత తప్పు పోతే బ్లేడుతో సిరా గోకి, గోటితో నున్నగా రుద్ది, మళ్లీ గీయాలి. మే నెలలో కూడా ఫ్యాను వేసుకోవడానికి లేదు, కాగితం లేస్తుంది. చెమట పడకుండా మణికట్టు కింద రుమాలు పెట్టుకునేవాళ్లం. అంత పెద్ద ఇంటిని ఆ కాగితంలో పట్టించాలి కనుక అన్నిటినీ వందో వంతుకి తగ్గించి గీసేవాళ్లం. ఒకటికి వంద. మూడు మీటర్ల గోడ మూడు సెంటీమీటర్లవుతుంది. కొన్నాళ్లకి నేను దేన్ని చూసినా మనసులో వందతో భాగించేసేదాన్ని. ఖన్నా గారు మెట్లన్నీ నాకే ఇచ్చేవారు. ఇంట్లో గీయడానికి అన్నిటికన్నా కష్టమైనవి మెట్లే. ఎక్కేవాడి కాలూ తలా రెండూ గుర్తుంచుకోవాలి. "కృష్ణా బేటీ మెట్లు గీస్తే ఎవడి తలా తగలదు," అనేవారాయన. ఆ మాట నేను తొమ్మిదేళ్లు మూడు దేశాలకీ మోసుకెళ్లాను. ఎక్కడా విప్పలేదు.

ఇప్పుడు ఎవరైనా నా కథ రాస్తే, మా ఆయన నా ఉద్యోగం మాన్పించాడని రాస్తారు. అది నిజం కాదు. ఎవరూ మాన్పించలేదు. "మూడేళ్లేగా, వచ్చాక చేసుకుందువుగాని," అన్నాడు. అత్తగారు అన్నపూర్ణేశ్వరి గారు, "అమ్మాయ్, విమానం ఎక్కే యోగం అందరికీ ఉంటుందా?" అంది. మా అమ్మ సంతోషంతో ఏడ్చింది. నాకూ సరదాగానే ఉండింది. లుసాకాలో ఇంటి పనికి మనిషి, తోటకి ఒక మనిషి. పొద్దున్న ఏడింటిదాకా పడుకునేదాన్ని. అక్కడ భార్యలు ఉద్యోగం చేయాలంటే అనుమతులు కావాలి, అడిగితే ఇస్తారేమో కూడా, నేనే అడగలేదు. వంటలు నేర్చుకున్నాను. ఆగస్టు పదిహేనుకి నాలుగు వందల గులాబ్ జామూన్లు చేశాను, అందరూ మెచ్చుకున్నారు, మా ఆయన పైఆఫీసరు ఆయన భుజం తట్టాడు. జామూన్లు చేసింది నేను, భుజం ఆయనది. తాష్కెంట్‌లో బజారు రష్యన్ నేర్చుకున్నాను. మస్కట్‌లో మన పిల్లలకి శనివారాలు బొమ్మలేయడం నేర్పాను. ఒక్కొక్కటీ చెబితే ఏదో చేసినట్టే ఉంటుంది. అన్నీ కలిపి చూస్తే ఏమీ చేయనట్టు ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఆ మూడు దేశాల్లోనూ ఒకే రకం నిశ్శబ్దం. కిటికీ దగ్గర నిలబడి ఎదురింటి మెట్లు లెక్కపెట్టేదాన్ని.

తిరిగి వచ్చాక, మళ్లీ పని చేస్తాను అన్నాను. మా ఆయన నవ్వలేదు, అది ఆయన మంచితనం. "చెయ్యి. కానీ బయోడేటాలో తొమ్మిదేళ్లకి ఏం రాస్తావు?" అని మాత్రం అడిగాడు. అప్పటినుంచీ ఆ ప్రశ్న నా వెనకే తిరుగుతోంది. సాకేత్‌లో పాత ఆఫీసుకి వెళ్లాను. ఖన్నా గారు లేరు, పోయారట. వాళ్లబ్బాయి మర్యాదగా టీ ఇప్పించి, "చేత్తో ఎవరు గీస్తున్నారు ఆంటీ ఇప్పుడు? బోర్డులు కూడా తుక్కు కింద కబాడీ వాడికి ఇచ్చేశాం," అన్నాడు. బయటికొస్తే, ఆ వీధి చివర నాకు తెలిసిన ఖాళీ స్థలం ఉండాల్సిన చోట పెద్ద మాల్ కడుతున్నారు. ఎన్ని మెట్లో. ఎవరో గీశారు వాటన్నిటినీ, నేను గులాబ్ జామూన్లు తిప్పుతున్నప్పుడు.

మునిర్కాలో కంప్యూటర్ మీద డ్రాయింగ్ నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. పదిహేను మంది పిల్లల మధ్య నలభై మూడేళ్లదాన్ని. అన్నం వండి వచ్చేదాన్ని కనుక రోజూ ఆలస్యంగా వెళ్లి వెనక వరసలో కూర్చునేదాన్ని. గీత గీయడం, చెరపడం, అతికించడం నేర్పారు. సర్టిఫికెట్ ఇచ్చారు. పదకొండు ఆఫీసులు తిరిగాక నోయిడాలో రస్తోగీ గారి ఆఫీసులో ఆరు నెలలకి ట్రైనీగా తీసుకున్నారు. ఆ రోజు మా అత్తగారు ఫోన్‌లో, "ట్రైనీ అంటే ఏంటే? ఈ వయసులో నీకు ట్రైనింగేంటి?" అంది. నాకూ సరిగ్గా తెలియదు అత్తయ్యా అన్నాను.

ఆ ఆఫీసులో నా పక్క సీటు దీపుది. ఇరవై నాలుగేళ్ల అమ్మాయి, వాళ్ల నాన్న మన వాళ్లే, రైల్వేలో. పుట్టింది పెరిగింది ఢిల్లీలో కనుక తెలుగు అర్థమవుతుంది గానీ సగం హిందీలోనే మాట్లాడుతుంది. నన్ను ఆంటీ అంటుంది. ఆమెని చూసి అందరూ ఆంటీ అన్నారు. ఆఫీసు తుడిచే అతను కూడా. రస్తోగీ గారు మాత్రం కృష్ణాజీ అంటారు. చేరిన వారంలో ఆయన, "ఆప్ తో ఘర్ వాలీ హై, ఇల్లు నడిపేవారు, వంటగదుల సంగతి మీకంటే ఎవరికి తెలుసు? కిచెన్లన్నీ మీరు చూడండి," అన్నారు. నా ఒళ్లు మండింది. ఇంట్లో వంటగది, ఇక్కడా వంటగదేనా? "సార్, నాకు మెట్లు ఇవ్వండి," అన్నాను. అంత గట్టిగా అంటానని నేనూ అనుకోలేదు.

ఇచ్చారు. నాలుగంతస్తుల అపార్టుమెంటు, ఒక మెట్ల దారి. మూడు రోజులు కూర్చున్నాను. తెర నిండా ఎంతో అందంగా వచ్చింది. ప్రతి మెట్టూ, రెయిలింగూ, మలుపు దగ్గర చదునూ. నాలో ఏదో ప్రాణం వచ్చినట్టయింది. ప్రింట్ కొట్టాను. పెద్ద మిషన్ లోంచి మంచం దుప్పటంత తెల్ల కాగితం మెల్లిగా బయటికొచ్చింది. ఖాళీగా ఉంది. మిషన్ పాడైందనుకుని ఇంకోసారి కొట్టాను. మళ్లీ ఖాళీ. అప్పటికి నలుగురు చేరారు. దీపు కాగితాన్ని వెలుగుకి పెట్టి చూసి, మధ్యలో వేలు పెట్టింది. అక్కడ ఒక చుక్క. పెన్సిల్ మొన తగిలినట్టు.

"ఆంటీ! యే ఆప్కీ సీఢీ హై!"

ఆ చుక్కే నా మెట్ల దారి అట. అందరూ విరగబడి నవ్వారు. దీపు నవ్వు ఆపుకుంటూ నా ఫైలు చూసి విషయం పట్టుకుంది. నేను మూడు మీటర్ల మెట్ల దారిని మూడు సెంటీమీటర్లుగా గీశాను. పాత అలవాటు ప్రకారం వందతో భాగించి కొట్టాను అంకెలన్నీ. కంప్యూటర్లో అసలు కొలతలోనే గీయాలి. తగ్గించడం ప్రింట్ తీసేటప్పుడు అదే తగ్గించుకుంటుంది. నేను ఒకసారి తగ్గించాను, అది ఇంకోసారి తగ్గించింది. కొలతలు కూడా చేత్తో రాసినట్టు విడిగా టైపు చేసుకున్నాను గనుక తెర మీద ఏ తప్పూ కనబడలేదు. ఇన్‌స్టిట్యూట్‌లో ఈ సంగతి చెప్పలేదు. ఎందుకు చెబుతారు? ఆ పిల్లలెవరికీ ఈ సందేహమే రాదు. ఈ తప్పు చేయాలంటే ఒకప్పుడు బాగా పని తెలిసి ఉండాలి.

"జగహ్ కీ కమీ నహీ హై ఆంటీ ఇందులో. ఎంతుంటే అంత గీసెయ్యండి," అంది దీపు.

చోటుకి కొదవ లేదట. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. ఆ మాటలో ఏదో గొప్ప సంగతి ఉందని నాకప్పుడు తట్టలేదు, పరువు పోయిందని ఏడ్చాను. ఇంటికొచ్చి చెబితే మా ఆయనా నవ్వాడు. "పోన్లే, కాగితం మిగిలింది వాళ్లకి," అన్నాడు. తర్వాత నెల రోజులు ఇంటికి ఎవరొచ్చినా నా చేత ఆ చుక్క కథ చెప్పించాడు. నేనూ చెప్పాను. అందరూ నవ్వుతుంటే ప్లేట్లలో మైసూర్‌పాక్ పెడుతూ చెప్పాను.

ఇదంతా జరిగి ఆరు నెలలు కావస్తోంది. ఈ వారంతో నా ట్రైనింగ్ అయిపోతుంది. హనోయి కూడా ఈ వారమే రావాలా?

మధ్యాహ్నం రస్తోగీ గారు పిలిచారు. ఆయన ముందు నా షీట్లున్నాయి. "కృష్ణాజీ, సాఫ్ బాత్ చెబుతాను, బురా మత్ మానియే," అని, ఏమీ అనుకోవద్దంటూనే మొదలుపెట్టారు. "మీరు చాలా నెమ్మది. దీపు నాలుగు షీట్లు చేసే టైములో మీరు ఒకటి చేస్తారు. తప్పులు కూడా ఉన్నాయి. కానీ సైట్‌కి వెళ్లినప్పుడు ఎవరూ అడగనివి అడుగుతారు. మొన్న మెట్లెక్కే ముసలమ్మ ఎక్కడ చెయ్యి పట్టుకుంటుంది అని అడిగారే, ఆ మాటకి ఇంజనీర్ దగ్గర జవాబు లేదు. మీ ఉద్యోగం పక్కా చేయాలా వద్దా నాకు తేలడం లేదు. ఇంకో ఆరు నెలలు ఇలాగే ట్రైనీగా ఉంటారా?" ఒక్క క్షణం ఆగి, "అసలు మీకీ పని ఇష్టమేనా?" అన్నారు.

ఇష్టమే సార్ అనాలి. ఎవరైనా అదే అంటారు. నా నోట్లోంచి రాలేదు. ఇష్టమా? తొమ్మిదేళ్లు నేను ఇష్టపడింది సిరా వాసననీ, మణికట్టు కింద తడిసిన రుమాలునీ, ఒక ముసలాయన మెచ్చుకోలునీ. అవేవీ ఇక్కడ లేవు. ఇక్కడ తెర చూసి చూసి కళ్లు మండుతాయి, ఇరవై నాలుగేళ్ల పిల్లని ఇది ఎలా చేయాలమ్మా అని రోజుకి పదిసార్లు అడగాలి. ఒక్కోరోజు పొద్దున్నే బస్సు రాకపోతే బాగుండు అనుకుంటాను. మరి ఆదివారం సాయంత్రమయ్యేసరికి రేపు ఆ మలుపు దగ్గర ఏం చేయాలా అని చపాతీ పిండిలో వేలితో గీతలు గీస్తుంటాను. దీన్ని ఇష్టం అంటారా, పంతం అంటారా? లేక ఆ మధ్యాహ్నాల భయమా?

"రేపు చెబుతాను సార్," అన్నాను. ఆయన ఆశ్చర్యంగా చూశారు.

సీటుకొచ్చి దీపుకి చెప్పాను. హనోయి సంగతీ, ఇదీ రెండూ. అది కుర్చీ గిర్రున నావైపు తిప్పి, "వావ్ ఆంటీ, ఫారిన్! జాయియే నా! యహా క్యా రఖా హై?" అంది. ఆ పిల్ల మనస్ఫూర్తిగానే అంది. దానికి ఈ సీటు రోజంతా మెడనొప్పి. నేను వెళ్లిపోతే నా కిటికీ పక్క సీటు తీసుకుంటుంది. తప్పేముంది? వెళ్లండి, ఇక్కడ ఏముంది అన్న ఆ మాటే చెవిలో తిరుగుతుంటే, మధ్యాహ్నమంతా ఒకే మెట్టుని గీసి చెరిపాను.

ఆరింటికల్లా మార్కెట్లో ఫోటో స్టూడియోకి చేరాను. మా ఆయన అప్పటికే దిగి, దువ్వెన జేబులో పెట్టుకుంటున్నాడు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టారు. ఫోటోగ్రాఫర్ ముస్కురానా నహీ మేడమ్ అన్నాడు. మా ఆయన దగ్గరికొచ్చి నా చెవుల మీది వెంట్రుకలు రెండు వేళ్లతో వెనక్కి తోసి, "నవ్వకు, రిజెక్ట్ చేస్తారు," అన్నాడు. ఆ వేళ్లు మెత్తగానే తగిలాయి. ఆయన చెడ్డవాడైతే నాకు ఎంత సులువుగా ఉండేదో. లైటు కళ్లలో పడుతుంటే లుసాకాకి, తాష్కెంట్‌కి, మస్కట్‌కి దిగిన ఫోటోలు గుర్తొచ్చాయి. ప్రతిసారీ చెవులు, ప్రతిసారీ నవ్వొద్దనడం. పది నిమిషాలకి ఎనిమిది నేనులున్న కాగితం చేతిలో పెట్టారు. ఎనిమిదింటిలో ఒక్కదానికీ ఏం కావాలో తెలిసినట్టు లేదు.

ఇంటికొచ్చి బఠాణీ కూర పొయ్యిమీద పెట్టాను. మా ఆయన ఫ్రిజ్ మీది ఫారం తెచ్చి భోజనాల బల్ల మీద పరిచి, ఫోటో కత్తిరించి, జిగురు రాసి, అతికించబోతూ పెన్ను నావైపు జరిపాడు. పక్క గదిలో అనూహ్య కెమిస్ట్రీ బట్టీ పడుతోంది.

"నేను రాకపోతే?" అన్నాను. గరిటె ఇంకా చేతిలోనే ఉంది.

ఆయన జిగురు వేలితో అలాగే చూశాడు. "రాకపోవడమేంటి?"

"రాకపోతే ఏమవుతుందీ అని."

జిగురు వేలిని పాత పేపరుకి తుడుచుకున్నాడు. తర్వాత ఆయన ముఖం విప్పారింది, చిక్కుముడి విడిపోయినట్టు. "ఓ... అనూహ్య గురించా? హాస్టల్లో ఎలా ఉంటుందో అనా? నేనూ అనుకున్నానే. కాలేజీ మొదటి సంవత్సరం, ఈ ఊరు చూస్తే ఇలా ఉంది. అచ్ఛా, ఠీక్ హై. పిల్ల చదువు కోసం తల్లి ఉండిపోయింది అంటే ఎవరేమంటారు? అమ్మకీ చెప్పచ్చు. ఫారంలోనూ అదే రాస్తాను. క్వార్టర్ ఉంచమని దరఖాస్తు పెట్టుకోవడానికీ ఆ కారణం బాగుంటుంది. ఏడాది పోయాక వద్దువుగాని."

నాకు నిజంగా ప్రాణం లేచొచ్చింది. ఎంత సులువు! ఇందాకటినుంచి ఎక్కడా దొరకని కారణం, తనే తయారుచేసి నా ముందు పెట్టాడు. అత్తగారు మెచ్చుకుంటుంది. కనకయ్య గారి భార్య పండగలకి పులిహోర పంపిస్తుంది. త్యాగమూర్తిని అయిపోతాను. చాటుగా నా మెట్లు నేను గీసుకోవచ్చు, ఆ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. అవునండీ అంటే చాలు. అవు... దాకా వచ్చింది కూడా.

పక్క గదిలో బట్టీ ఆగిపోయింది. అనూహ్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో పుస్తకం, వేలు పేజీ మధ్యలో. దానికి మా తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఎప్పుడూ తన భాషలోనే.

"మమ్మీ, రుక్‌నా హై తో రుకో. మేరే నామ్ పే మత్ రుకో."

ఉండాలంటే ఉండు, నా పేరు చెప్పి ఉండకు. అంతే అని లోపలికి పోయి తలుపు వేసుకుంది. నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఈ పిల్ల కోసం నేను, అని ఏదో అనబోయాను. అని ఉంటే అదే మాట ఇరవై ఏళ్ల తర్వాత దాని నెత్తిన పెట్టేదాన్ని, నీ కోసం ఆగిపోయాను అని. మా అమ్మ నాకు పెట్టినట్టే. అది ఇప్పుడే వద్దనేసింది. దానికి పదిహేడేళ్లు. నాకు నలభై నాలుగు.

పొయ్యి కట్టేశాను. వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆ బల్ల దగ్గర నేను సాధారణంగా కూర్చోను, నిలబడే ఉంటాను.

"అనూహ్య కోసం కాదండీ," అన్నాను.

"మరి?"

"నాకోసం."

ఆయనకి కోపం రాలేదు. ఆఫీసులో ఫైలు చూస్తున్నట్టు నన్ను చూశాడు. ఒక్కొక్క కాలమ్ నింపాలిగా మరి.

"ఆ ఉద్యోగం పర్మనెంట్ చేశారా?"

"లేదు. ఇంకో ఆరు నెలలు చూస్తామన్నారు."

"ఆ తర్వాత?"

"తెలీదు."

"పిల్ల చదువు కోసమని రాయకపోతే ఈ క్వార్టర్ ఖాళీ చేయాల్సొస్తుంది. ఎక్కడుంటావు?"

"తెలీదు."

"పోనీ ఆ పనంటే నీకంత ఇష్టమా?"

"అదీ తెలీదండీ. సార్ కూడా అదే అడిగారు. చెప్పలేకపోయాను."

ఇప్పుడొచ్చింది కోపం. పెన్ను బల్లమీద పడేశాడు. "ఏం మాట్లాడుతున్నావు కుమారీ? ఉద్యోగం తెలీదు, ఇల్లు తెలీదు, ఇష్టమో కాదో తెలీదు. ఏదీ తెలియకుండా, ఏం చూసుకుని ఇక్కడ ఉండిపోతానంటున్నావు?"

న్యాయమైన ప్రశ్నే. నేను ఆలోచించాను. తొందరపడలేదు. ఫారం మీద ఇంకా అతికించని నా ఫోటో, జిగురు ఆరిపోతూ, ఒక మూల పైకి లేచి ఉంది. దాన్ని తీసి నావైపు పెట్టుకున్నాను.

"హనోయిలో నేనేం చేస్తానో నాకు పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ పడుకునేదాకా తెలుసండీ," అన్నాను. "అందుకే రాను."